పది దేశాల కట్టు

మా కుట్టు టీచరమ్మ పోయిందని గురువారం పొద్దున ఫోన్ వచ్చింది. నేను అప్పుడు ఒక జాకెట్టుకు చేతులు కత్తిరిస్తున్నాను. ఫోన్ మోగితే నాకు దడ. ఏడాదిన్నరగా అదే అలవాటు. ముందు తమ్ముడు ఉన్నాడా లేదా అని వసారా వైపు చూశాను. మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అప్పుడు ఫోన్ ఎత్తాను.

"అక్కా, టీచరమ్మ పోయినాది. తెల్లారి లేయలేదు. నిద్రలోనే గుండె ఆగినాదంట" అంది చర్చి పెద్దాయన కూతురు. "సాయంత్రం నాలుక్కు సమాధి. వస్తావు గదా."

తమ్ముడి గురించి కాదని ముందు ఊపిరి పీల్చుకున్నాను. ఎవరు పోయారో ఆ తర్వాత తెలిసింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది కానీ జరిగింది అదే. నా దడకు కారణం చెప్పాలంటే టీచరమ్మ గురించి చెప్పాలి. ఆమె గురించి చెప్పాలంటే ఆమె దాచుకున్న స్టాంపుల గురించి చెప్పాలి.

ఆమె మా హైస్కూల్లో కుట్టు టీచరు. మిగతా సార్లు ఆ పీరియడును లెక్కలకో ఇంగ్లీషుకో అడిగి తీసుకునేవారు. వారానికి రెండు పీరియడ్లు మాత్రం ఆమె ఎవరికీ ఇచ్చేది కాదు. కాజా కుట్టడం, గుండీ పెట్టడం, అంచు మడవడం నేర్పేది. మగపిల్లలు కూడా కుట్టాల్సిందే. "నీ గుండీ ఊడితే మీయమ్మ బడికొచ్చి కుడతాదా?" అనేది. ఎవరైనా గబగబా గుడ్డ కత్తిరించబోతే, "తొందరుంటే కత్తెర కింద పెట్టు" అనేది. ఇరవై ఏళ్లుగా కుట్టుపనితో బతుకుతున్నాను. ఆ మాట వినబడని రోజు లేదు.

పని అయిపోయాక పది నిమిషాలు మిగిలితే సంచిలోంచి ఒక పాత డైరీ తీసేది. దాన్నిండా స్టాంపులు. ఆమె నాయన మిషనరీల ఆసుపత్రిలో తోటమాలి. అక్కడికి పరదేశాల నుంచి వచ్చిన ఉత్తరాల కవర్లు ఆయన కూతురికి తెచ్చి ఇచ్చేవాడట. పక్షులు, రైళ్లు, రాజుల తలలు ఉన్నవి ఆమె ఎవరికో ఒకరికి ఇచ్చేసేది. మనుషులు తమ దేశపు గుడ్డలు కట్టుకుని నిలబడిన స్టాంపులు మాత్రమే దాచుకుంది.

ఆ డైరీలో దేశాల వరస ఉండదు. ఆమె వరస వేరు. మొదట కట్టుకునేవి, తర్వాత కుట్టుకునేవి, చివర కప్పుకునేవి. ఇండోనేసియా ఆమె పక్కన బర్మా ఆమె, ఆ పక్కన లావోసు ఆమె. ముగ్గురూ నడుముకు గుడ్డ చుట్టుకున్నారు కాబట్టి ఒకే పేజీలో ఉండేవారు. ఎక్కడెక్కడ దోపుకున్నారో భూతద్దం ఇచ్చి మా చేత చెప్పించేది.

"ఈమె పైట మన మాదిరే ఎడమ భుజం మీదుండాది టీచరమ్మా."

"ఉంటే మన మాదిరి అయిపోతాదా? కింద చూడు. కుచ్చిళ్లు ఉండాయా?"

"లేవు."

"ఉన్నట్టు అనుకునింటివి. పైట చూసి చుట్టం అనుకుంటే ఎట్ల?"

ఫిలిప్పీన్సు ఆమె రవిక చేతులు చూసి మా క్లాసు పిల్లోడు ఒకడు, "భుజానికి ఒక చేట కట్టుకునింది టీచరమ్మా, పల్లీలు చెరుగుతాదేమో" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి, ఆ చేట చేతులు ఎట్లా నిలబడతాయో కాగితం మడిచి చూపించింది. మొహాలు చూడవద్దనేది. "మొగం ఎవరికైనా రెండు కళ్లే. గుడ్డ యాడ దోపుకున్నారో చూడండి" అనేది. నా తర్వాత తొమ్మిదేళ్లకు మా తమ్ముడు కూడా ఆ క్లాసులో ఆ మాట విన్నాడు.

రిటైరై కడపలో ఇల్లు చేసుకున్నాక ఆమె నెలకొకసారి బస్సెక్కి మా ఊరికి వచ్చేది. నా మిషను పక్కన స్టూలు మీద కూర్చుని, నేను కుట్టినవి తిరగేసి లోపలి కుట్లు చూసేది. ఒకసారి రెండు అట్టముక్కల మధ్య ఏదో పెట్టి, రబ్బరు బ్యాండు వేసి తెచ్చింది. ఆమె దగ్గర చదువుకుని సింగపూరులో నర్సుగా ఉన్న అమ్మాయి పంపిందట. ఒకే షీటులో పది స్టాంపులు. ఆ వైపు దేశాలు పదీ కలిసి, ఒక్కో దేశానికి ఒక మగ ఒక ఆడ చొప్పున, తమ తమ ఉడుపులతో వేసినవి. ఆమె మొహంలో అంత సంబరం నేను మళ్లీ చూడలేదు.

"ఈయన్ని చూడు, బర్మా ఆయన" అని వేలు పెట్టకుండా సూది కొసతో చూపించింది. "మనోళ్లు లుంగీ చుట్టి దోపుతారు. వీళ్లు రెండు కొసలూ ముందరికి తెచ్చి బొడ్డు కాడ ముడేస్తారు. ఉండ మాదిరి కనపడతాదే, అదే. ఆడోళ్లు ముడెయ్యరు, పక్కకు మడిచి దోపుతారు."

మా ఆయన గడప దగ్గర నిలబడి వింటున్నాడు. "ముడి ఊడిపోతే ఎట్ల టీచరమ్మా?" అన్నాడు.

"ఊడితే మళ్లీ కట్టుకుంటారప్పా. నీ మాదిరి లుంగీ మీద బెల్టు పెట్టుకోరు."

ఆ మాటలు నేను విన్నాను. ముడి చూశాను. అవసరం వచ్చినప్పుడు నాకు గుర్తుకు రాలేదు.

తమ్ముడు డిగ్రీ అయ్యాక కడపలో ఒక సెల్‌ఫోన్ల షాపులో పని చేశాడు. అక్కడ పరిచయమైన ఏజెంటు ఒకతను థాయిలాండులో కంప్యూటరు ముందు కూర్చునే పని ఉందన్నాడు. వెళ్లాడు. మొదట్లో రోజూ మాట్లాడాడు. తర్వాత రెండు రోజులకొకసారి. మూడో వారంలో ఒక ఫోటో పంపాడు. పెద్ద గేటు ముందు నిలబడ్డాడు. వెనక ముగ్గురు మగవాళ్లు, నీళ్ల డ్రమ్ము దగ్గర ఒక ఆడమనిషి. మగవాళ్లు గళ్ల లుంగీలు కట్టుకున్నారు. ఆమె రెండు చెంపలకూ తెల్లగా ఏదో పూసుకుంది.

అమ్మ ఆ ఫోటో చూసి కళ్లు తుడుచుకుంది. "మనోళ్ల మాదిరే ఉండారు. లుంగీలు కట్టుకోనుండారు. ఆయమ్మ చూడు, గంధం పూసుకోనుండాది. మంచోళ్ల మధ్యనే పడినాడు" అంది. ఆ ఫోటో వీధంతా చూపించింది. నేను కూడా అదే అనుకున్నాను. ప్యాంట్లు వేసుకున్న మనుషులైతే మాకు కొంచెం భయం ఉండేదేమో. లుంగీ చూసేసరికి ఆ భయం పోయింది. మేము చేసిన తప్పు అదే.

టీచరమ్మకు చూపించింది కూడా ఆమె సంతోషిస్తుందనే. "మీ స్టాంపుల్లో మనుషులు టీచరమ్మా" అని ఫోన్ చేతికిచ్చాను. ఆమె అద్దాలు తీసి, మళ్లీ పెట్టుకుని, ఫోటో పెద్దది చేసింది. తమ్ముడి మొహాన్ని పక్కకు జరిపి, వెనకవాళ్ల నడుముల దగ్గర ఆగింది.

"వీడు యాడుండానన్నాడు?"

"థాయిలాండు."

"ఇది బర్మా కట్టు మా. ముగ్గురిదీ ముడి ముందరే ఉండాది. చెంపలకు పూసింది గంధం కాదు. వాళ్లకు ఏదో చెట్టు ఉండాది, ఆ చెక్క అరగదీసి పూసుకుంటారు."

"బర్మావాళ్లు థాయిలాండుకు పనికి పోకూడదా?"

"పోతారు. శానామంది పోతారంట. ఒకరుంటే నేనూ అట్లే అనుకుంటా. గేటు కాడ వాళ్లు, నీళ్ల కాడ ఆమె, అందరూ ఎట్ల?" అని ఫోన్ నాకు తిరిగి ఇచ్చింది. "నేను చెప్పేది తప్పైతే బాగుండు. కానీ వాణ్ణి అడుగు."

నాకు కోపం వచ్చింది. అమ్మ మనసు ఇప్పుడిప్పుడే కుదుటపడితే ఈమె వచ్చి పాడుచేస్తోందనిపించింది. మా ఆయనకు చెబితే నవ్వాడు. "స్టాంపు చూసి మనిషి యాడుండాడో చెప్తాదా? ఇంగ జాతకం కూడా చెప్తాదేమో అడుగు" అన్నాడు. నేను కూడా నవ్వాను. తొమ్మిది రోజులు ఎవరినీ ఏమీ అడగలేదు. టీచరమ్మ రోజూ సాయంత్రం ఐదింటికి ఫోన్ చేసేది. "అడిగినావా?" "లేదు టీచరమ్మా, పనిలో ఉంటాడు." "సరే." అంతే. ఒక్కరోజు కూడా నన్ను తిట్టలేదు. ఆ తొమ్మిది రోజుల సంగతి అమ్మకు ఇప్పటికీ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది.

తొమ్మిదో రోజు టీచరమ్మ ఎర్రటి ఎండలో బస్సు దిగి వచ్చింది. నీళ్లిస్తే గ్లాసు చేతిలో పట్టుకుని నిలబడింది, తాగలేదు. "యాడుండావని అడగబాకు. పక్కన ఎవరన్నా వింటాంటారు. కుట్టు సంగతి అడుగు. ఆడ ఆడోళ్లు గుడ్డ ఎట్ల కట్టుకుంటారో, నాకొక మోడలు కావాలని అడుగు. అనుమానం రాదు" అంది.

ఆ సాయంత్రం తమ్ముడు ఫోన్ చేసినప్పుడు అట్లాగే అడిగాను. టీచరమ్మ స్టూలు మీద కూర్చుని నా నోటి వైపే చూస్తోంది. వాడు మెల్లగా, "లుంగీ మాదిరే అక్కా. ఆడోళ్లు పక్కకు దోపుతారు. మగోళ్లు ముందర ముడేస్తారు" అన్నాడు. "టీచరమ్మ బాగుండాదా?" అన్నాడు. "బాగుండాది రా" అన్నాను. "ఇంగ ఈ సంగతులు అడగద్దక్కా" అని పెట్టేశాడు.

ఆ తర్వాత ఇరవై మూడు రోజులు వాడి ఫోన్ పలకలేదు.

ఆ రోజుల గురించి ఎక్కువ రాయలేను. కుట్టాల్సిన గుడ్డలు అలాగే మూటలో ఉండిపోయాయి. అమ్మ ఫోన్ ఒళ్లో పెట్టుకునే అన్నం తినేది. మేము అడిగినందుకే వాడికి ఏమైనా చేశారా అన్న ఆలోచన నాకు కూర్చున్నా నిలబడినా ఒకటే. టీచరమ్మకు కూడా అదే. "నేను అడగమంటి గదా" అని ఒక్కసారే అంది. ఆ తర్వాత నాలుగు రోజులకు ఆమె చేతి వేళ్లు చూశాను. కుట్టేటప్పుడు ఎన్నడూ సూది గుచ్చుకోని మనిషి. రెండు వేళ్లకు గుడ్డపీలికలు చుట్టి ఉన్నాయి.

కడపలో ఫిర్యాదు ఇవ్వడానికి నేను, అమ్మ, మా ఆయన వెళ్తే అక్కడి బస్టాండులో ఆమె ముందే వచ్చి కూర్చుని ఉంది. పోలీసు ఆఫీసులో సారు మమ్మల్ని కూర్చోబెట్టి అన్నీ అడిగాడు. థాయిలాండు అని మా ఆయన చెబుతున్నాడు. టీచరమ్మ అట్టముక్కలు విప్పి, స్టాంపుల షీటు బల్ల మీద పెట్టి, పక్కన నా ఫోన్లో ఫోటో పెట్టి, భూతద్దం సారు ముందుకు జరిపింది. ఆయన ఒకసారి ఆమెను, ఒకసారి స్టాంపులను చూశాడు. నవ్వుతాడేమోనని నాకు భయం వేసింది. నవ్వలేదు. వంగి రెండూ చూశాడు.

"అమ్మా, ఇది సాక్ష్యం కాదు" అన్నాడు.

"సాక్ష్యమని నేనూ అనడంలేదు సార్. ఆ రెండు దేశాల మధ్యన ఒక ఏరుండాది. వెతికేటప్పుడు ఏటికి అవతల కూడా వెతకండి అంటాండా."

ఆయన కాగితం మీద ఒక వాక్యం చేర్చాడు. బర్మా వైపు ఉండే అవకాశం ఉందని కుటుంబం అనుమానిస్తోంది అని. బయటికొచ్చాక మా ఆయన టీచరమ్మ సంచి అందుకుని ఆటో దాకా మోశాడు.

ఆ తర్వాత నెలలు గడిచాయి. మధ్యలో తమ్ముడు రెండుసార్లు ఎవరి ఫోన్ నుంచో మాట్లాడాడు. నిమిషం కూడా కాదు. బతికే ఉన్నాడని తెలిసింది, అంతే. ఇంటికి వచ్చినవాళ్లందరూ అమ్మతో, "వస్తాడులే, యాడికి పోతాడు" అనేవారు. టీచరమ్మ ఒక్కతే ఆ మాట అనలేదు. అమ్మ ఒకరోజు ఉండబట్టలేక అడిగింది.

"టీచరమ్మా, నా బిడ్డ వస్తాడని నీ నోట ఒక్కసారి అనరాదా?"

"నాకు తెలీదమ్మా. తెలీంది చెప్పకూడదు. నీ కాడ కూచునేది మాత్రం నాకు తెలుసు, కూచుంటా."

అమ్మకు ఆ మాట బాధ కలిగించింది. నాకు కూడా. ఇప్పుడు తలుచుకుంటే ఆ రోజుల్లో మేము నమ్మదగిన మాట చెప్పింది ఆమె ఒక్కతే అనిపిస్తుంది.

చివరికి బర్మా వైపు సైన్యం, మనుషులను బంధించిన కొన్ని చోట్ల తలుపులు పగలగొట్టి వాళ్లను బయటికి తెచ్చినప్పుడు మా తమ్ముడు కూడా ఏరు దాటి థాయిలాండు వైపు వచ్చాడు. మన దేశంవాళ్ల పేర్ల జాబితాలో వాడి పేరు ఉందని ఫోన్ వచ్చింది. టీచరమ్మ చేర్పించిన ఆ ఒక్క వాక్యం వల్ల వాడి పేరు జాబితాకు ఎక్కిందా, దానితో సంబంధం లేకుండా వచ్చాడా, నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు. తెలియనిది చెప్పకూడదు కాబట్టి ఇక్కడ కూడా రాయడం లేదు.

కడప స్టేషనులో వాడు రైలు దిగినప్పుడు నాకు గుర్తుపట్టడానికి కొంచెం సమయం పట్టింది. సగం మనిషి అయ్యాడు. అక్కడ వాడి చేత ఏం చేయించారో ఒక్కసారే చెప్పాడు. ఫోన్లలో జనాన్ని మోసం చేయించారు, చెయ్యనంటే కొట్టారు. అంతకంటే నేను అడగలేదు. రెండుసార్లు పోలీసులు వచ్చి వివరాలు రాసుకుని వెళ్లారు. వాళ్లు మర్యాదగానే అడిగారు. అయినా వాడు ఆ రెండు రోజులూ అన్నం ముట్టలేదు. ఇంట్లో ఎక్కడ కూర్చున్నా వీపు గోడకు ఆనాల్సిందే. వెనక ఎవరైనా నడిస్తే లేచి నిలబడేవాడు. వీధిలోకి వెళ్లడు. బస్సు ఎక్కడు. మనిషి ఇంటికి వచ్చినా నా దడ తగ్గలేదు. వీడు ఏ రోజు ఏం చేసుకుంటాడో, ఏ పొద్దున మంచం ఖాళీగా ఉంటుందో అన్నది కొత్త భయం.

వచ్చిన వారానికి టీచరమ్మ చూడటానికి వచ్చింది. వీధిలో అందరూ వాడిని, "ఏమప్పా, ఆడ ఏం పెట్టినారు తినేదానికి, కొట్టినారంటనే?" అని అడిగి వెళ్లినవాళ్లే. ఆమె ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. సంచిలోంచి టేపు తీసింది.

"లే, నిలబడు. నీ చొక్కాలన్నీ కొయ్యకు తగిలించినట్టుండాయి. ఒకటి కుడతా."

వాడు లేచాడు. ఎదురుగా నిలబడే కొలత తీసుకుంది, వెనక్కి పోలేదు. ఛాతీ, భుజం, చెయ్యి పొడవు. ఆమె చెబుతుంటే నేను రాసుకున్నాను. టేపు మెడ దగ్గరికి తీసుకెళ్లగానే వాడు వెనక్కి జరిగి గోడకు తగిలాడు. చేతులు మొహానికి అడ్డం వచ్చాయి. అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. టీచరమ్మ టేపు చుట్టి సంచిలో వేసుకుంది. "మెడది వద్దులే. పాత చొక్కా ఒకటియ్యి మా, దాన్నిబట్టి తీస్తా" అంది నాతో, రోజూ చేసే పనే అన్నట్టు.

ఆ రోజు వాడు కొంచెం కుదుటపడ్డాక నేను అడిగాను. "ఆ ఫోటోలో వాళ్లు వెనక కనపడేట్టు కావాలనే నిలబడినావా రా? టీచరమ్మ చూస్తాదని?"

వాడు ఆలోచించాడు. "లేదక్కా. ఆడైతే వెలుతురుంటాదని నిలబడినా."

టీచరమ్మ నవ్వింది. అంత గట్టిగా ఆమె నవ్వడం నేనెప్పుడూ వినలేదు. తర్వాత తమ్ముడి పెదవులు కూడా కొంచెం కదిలాయి. పది రోజుల్లో చొక్కా వచ్చింది. కాలరు లేకుండా, మెడ దగ్గర వదులుగా, లోపలి కుట్టు కూడా బయటి కుట్టంత శుభ్రంగా ఉంది. ఆమె కుట్టిన చివరి బట్ట అదేనని ఆమె కోడలు తర్వాత చెప్పింది.

గురువారం ఫోన్ పెట్టేసి టీచరమ్మ పోయిన మాట తమ్ముడికి చెప్పాను. గ్లాసు కింద పెట్టాడు. "నేనూ వస్తా" అన్నాడు.

వద్దందామనుకున్నాను. జనం, బస్సు, తెలియని మొహాలు. అమ్మ కళ్లతోనే నన్ను ఆపింది. బస్సులో వాడు చివరి సీటు ఎంచుకున్నాడు. ప్రతి స్టాపులో ఎక్కేవాళ్లను ఒక్కొక్కరినే చూశాడు. ముందు కడ్డీ వదల్లేదు. కడప దాకా గంట ప్రయాణం. దిగి పారిపోతాడేమోనని నేను పక్కనే మోకాలు తగిలేలా కూర్చున్నాను.

సమాధుల దొడ్డిలో చాలామంది ఉన్నారు. ఆమె దగ్గర గుండీలు కుట్టడం నేర్చుకున్న మగవాళ్లు ఎంతమందో వచ్చారు. కొందరికి తలలు నెరిశాయి. ప్రార్థన అయింది, పాట అయింది. నేను ఆడవాళ్ల వైపు నిలబడి పిడికెడు మట్టి వేశాను. వేసి తల ఎత్తేసరికి తమ్ముడు కనపడలేదు.

గేటు దగ్గరికి వెళ్లి రోడ్డు అటూ ఇటూ చూశాను. లేడు. ఆటోవాళ్లను అడిగాను. చూడలేదన్నారు. ప్రహరీ వెనక రైలు పట్టాలున్నాయని గుర్తొచ్చింది. జనాన్ని తోసుకుంటూ మళ్లీ లోపలికి వచ్చాను.

కుక్కలు తవ్వకుండా మట్టి మీద అప్పటికప్పుడు బండలు పరుస్తున్నారు. పెద్ద నల్లబండ ఒకటి ట్రాక్టరు మీద నుంచి దించారు. దాన్ని నలుగురు మోస్తున్నారు. ముందు వైపు కుడి మూల పట్టుకున్నది మా తమ్ముడు. వాడి వెనక నాకు గానీ వాడికి గానీ తెలియని మనిషి ఒకడు ఉన్నాడు. దారి ఇరుకు, రెండు పక్కలా పాత సమాధులు. "నిదానంగా పోప్పా, ఎనక నేనుండా" అన్నాడు ఆ మనిషి.

తమ్ముడు తల తిప్పలేదు. ఒక అడుగు వేశాడు, ఆగాడు, బరువు సర్దుకున్నాడు, ఇంకో అడుగు వేశాడు.